నల్లరేగడి దారులలో అంబాసిడర్: ఒక లైసెన్సు కారు ఉత్థాన పతనాలు

మదురై నుంచి దక్షిణంగా కన్యాకుమారి వైపు సాగే జాతీయ రహదారిపై విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా తగులుతాయి. విరుదునగరానికీ కోవిల్‌పట్టికీ మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. దారికి ఇరువైపులా నల్లరేగడి. తమిళులు దీనిని ‘కరిసల్’ భూమి అంటారు. పత్తి, మిరప, పప్పుధాన్యాలు పండే ఈ మెట్ట ప్రాంతానికి విజయనగర, నాయకరాజుల కాలంలో తెలుగు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడ్డాయి. కమ్మవారు, రెడ్లు, రాజులు, అరుంధతీయులు మొదలైనవారి ఇళ్లలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామానికి చెందిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ (1923-2021) ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ నవలగా మలచారు. ఆయన ఇంటిభాష తెలుగే.

ఈ పల్లెలలో కారు అనగానే చాలాకాలం పాటు మనసులో మెదిలిన ఆకారం ఒక్కటే: గుండ్రని పైకప్పు, ఉబ్బిన ముందుభాగం, రెండు పెద్ద దీపాలు గల అంబాసిడర్. పెండ్లికి, పురిటికి, తిరుపతి యాత్రకు, చావు కబురు అందినప్పటి హడావుడి ప్రయాణానికి కూడా అదే. పాతతరం తమిళులు కారును ‘ప్లెషర్’ అని పిలిచేవారు; అంబాసిడర్ వచ్చి ఆ విలాసపు పేరును అవసరపు బండికి తగిలించింది. బ్రిటన్‌లో పుట్టి, బెంగాల్‌లో తయారై, దక్షిణాది మెట్టభూములలో ఇంటి మనిషిగా మారిన ఈ కారు 56 ఏళ్ల పాటు ఉత్పత్తిలో నిలిచింది. దానిని నిలబెట్టినదీ, చివరకు కూలదోసినదీ కూడా లైసెన్సే.

రెండు లైసెన్సులు

లైసెన్సు అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. మొదటిది, విదేశీ సంస్థ తన నమూనాను తయారు చేసుకొనేందుకు ఇచ్చిన అనుమతి. రెండవది, ఏ వస్తువును ఎవరు ఎంత తయారు చేయాలో నిర్ణయిస్తూ భారత ప్రభుత్వం ఇచ్చిన పారిశ్రామిక అనుమతి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ఈ రెండవదానికి ఆధారం. అంబాసిడర్ రెండింటికీ బిడ్డ.

బి.ఎం. బిర్లా 1942లో హిందుస్థాన్ మోటార్స్ సంస్థను గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో నెలకొల్పారు. 1948లో కర్మాగారం పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లాలోని ఉత్తరపారాకు తరలింది. బ్రిటన్‌లోని మోరిస్ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు అక్కడ మొదట హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14 అనే కార్లు, 1954లో లాండ్‌మాస్టర్ తయారయ్యాయి. 1950ల తొలి సంవత్సరాలలో ప్రభుత్వం ఒక కఠిన నిర్ణయం తీసుకొంది. విడిభాగాలను తెచ్చి కేవలం బిగించి అమ్మే సంస్థలకు ఇక చోటు లేదనీ, దేశంలోనే క్రమంగా భాగాలు తయారు చేసే ప్రణాళిక ఉన్నవారికే అనుమతి అనీ చెప్పింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు తమ బిగింపు కేంద్రాలను మూసివేసి వెళ్లిపోయాయి. కుటుంబ కార్ల తయారీలో చివరకు మిగిలినవి మూడే: ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ఫియట్ నమూనాలు చేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనా బ్రిటన్‌లో 1956 నుంచి 1959 వరకు, మూడేళ్లు మాత్రమే తయారైంది. అదే నమూనా 1957-58లో ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో వెలువడింది. తొలి బండ్లలో లాండ్‌మాస్టర్ నుంచి వచ్చిన పాత తరహా ఇంజన్ ఉండేది. కొద్దికాలంలోనే దాని స్థానంలో 1489 సీసీ పెట్రోలు ఇంజన్ చేరింది. 1963లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. ముందరి జాలీ మారింది, దీపాల అమరిక మారింది, లోపలి పలక మారింది. ఒంటి చట్రం మాత్రం మారలేదు. పేరు చివరి అంకె మారినంతగా బండి మారలేదన్నది కొన్నవారందరికీ తెలిసిన విషయమే.

మార్చవలసిన అగత్యం ఎవరికి ఉన్నది? 1980 వరకు దేశమంతటా ఏటా తయారైన కార్లు అర లక్షకు లోపే. డబ్బు చేతిలో ఉన్నా పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1969లో ప్రభుత్వమే కార్ల ధరలను చట్టబద్ధంగా నిర్ణయించింది. తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడారు. ధర పెంచుకొనే వీలు లేనివాడికి కొత్త నమూనాపై ఖర్చు పెట్టే కోరిక ఉండదు. అమ్ముడుపోతుందన్న భరోసా ఉన్నవాడికి ఆ అవసరమూ ఉండదు.

ఈ సందర్భంలో తమిళనాడు తెలుగువారు గుర్తుంచుకోవలసిన మరొక కారు ఉంది. కోయంబత్తూరు సమీపంలోని కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య రవాణా మొదలుపెట్టి పెద్ద పారిశ్రామికవేత్తగా ఎదిగారు. 1952లో ఆయన వద్ద రెండు సీట్ల పెట్రోలు కారు ఒకటి సిద్ధమైంది. ధర 2,000 రూపాయలు మాత్రమే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. ఇద్దరే పట్టే ఆ చిన్న బండి కరిసల్ పల్లెల పెద్ద కుటుంబాలకు సరిపోయి ఉండేదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను అడిగే అవకాశమే కొనుగోలుదారుకు దక్కలేదు. కొన్న నమూనాకు అనుమతి లభించింది, కన్న నమూనాకు లభించలేదు.

కరిసల్ నేలకు తగిన బండి

ఇంతమాత్రం చేత అంబాసిడర్‌ను చెడ్డబండి అనడం అన్యాయం. నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బి జిగురుగా చక్రాన్ని పట్టుకొంటుంది. అటువంటి నేలపై వేసిన రోడ్డు ఎన్నాళ్లో చదునుగా ఉండదు. ప్రధాన రహదారి దిగి పల్లెదారి పట్టగానే గతుకులు మొదలవుతాయి. ఆ దారికి ఎత్తైన అడుగుభాగం, 15 అంగుళాల చక్రాలు, ముందువైపు మెలిపడే ఉక్కు కడ్డీలతో చేసిన టార్షన్ బార్ సస్పెన్షన్, వెనుక లారీకి ఉన్నట్లు పట్టీల స్ప్రింగులు ఎంతో అనుకూలించాయి. పట్టీ విరిగితే కొలిమి ఉన్న కమ్మరి కూడా తాత్కాలికంగా సరిచేయగలడు.

లోపలి అమరిక కూడా ఉమ్మడి కుటుంబానికి అచ్చివచ్చింది. గేరు కడ్డీ నేలమీద కాక స్టీరింగ్ కాండానికి అమర్చి ఉండేది. ముందుసీటు ఒకే పొడవైన బల్ల. డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దలు, వారి ఒడిలో ఒకరు; వెనుక నలుగురు, వారి ఒడిలో మరికొందరు. చట్టం అయిదారుగురికే అనుమతించినా, పెండ్లి మాసాలలో ఆ లెక్క ఎవరూ పాటించలేదు. వెనుక డిక్కీలో అరటిగెలలు, వంటపాత్రలు, సారె బుట్టలు పట్టేవి.

1980 ప్రాంతంలో డీజిల్ ఇంజన్ అంబాసిడర్ రావడం అద్దె కార్ల చరిత్రలో పెద్ద మలుపు. దేశంలో డీజిల్‌తో తయారైన తొలి కారుగా దీనిని చెబుతారు. ఇంజన్ పరిమాణం పెట్రోలు రకానిదే, 1489 సీసీ. శక్తి మాత్రం 37 అశ్వశక్తికి మించదు. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పేది, చప్పుడు ఎక్కువ, నల్లపొగ సరేసరి. అయితే డీజిల్ ధర తక్కువ కావడంతో కిలోమీటరు ఖర్చు తగ్గింది. బస్టాండు వద్ద నిలబడి బేరం కోసం చూసే డ్రైవరుకు వేగం కన్నా అదే ముఖ్యం.

అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయన్న హాస్యోక్తి దేశమంతటా ప్రసిద్ధం. అందులో నిజం లేకపోలేదు. కొత్తబండి కొన్నవాడు ముందుగా వర్క్‌షాపుకు తీసుకువెళ్లి తలుపులు సరిగా పడేటట్లు, నీళ్లు కారకుండా చేయించుకోవలసి వచ్చేది. ఈ లోపాల నుంచే ఒక గొప్ప వృత్తివిద్య పుట్టింది. ఇంజన్ దించడం, సిలిండర్ రీబోర్ చేయించడం, రింగులు మార్చడం, బ్రేకు డ్రమ్ములను లేత్‌పై చెక్కించడం, తుప్పుపట్టిన రేకును కోసి కొత్త రేకు అతకడం వంటి పనులు చేయగల వర్క్‌షాపులు చిన్న పట్టణాలన్నింటిలో వెలిశాయి. కుర్రవాడు స్పానర్లు అందిస్తూ చేరి పదేళ్లలో మేస్త్రీ అయ్యేవాడు. అతనికి కర్మాగారం అచ్చువేసిన పుస్తకం అక్కరలేదు. భాగాలు మారవు కనుక ఒకసారి నేర్చిన పని జీవితాంతం పనికివచ్చేది.

దక్షిణాది మేస్త్రీలు అంతటితో ఆగలేదు. పెట్రోలు అంబాసిడర్ ఇంజన్ తీసి, మాటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ బిగించడం తమిళనాడు, కేరళలలో పెద్ద ఎత్తున సాగింది. దానికి ఇంజన్ కూర్చునే ఆధారాలు మార్చాలి, గేరు పెట్టెతో జతకూర్చాలి, రేడియేటర్ సరిచూడాలి. నమూనా కొన్న సంస్థ దానిని అలాగే భద్రపరిస్తే, వీధిలోని మేస్త్రీ దానిని విప్పి తన అవసరానికి తిరగరాశాడు. ఈ కారుకు భారతదేశంలో నిజమైన అభివృద్ధి విభాగం ఏదైనా ఉందంటే అది ఈ వర్క్‌షాపులే.

పల్లెకు అంబాసిడర్ చేసిన సేవలో అన్నిటికన్నా విలువైనది రాత్రిపూట జరిగింది. కాన్పు కష్టమైనా, పాము కరిచినా, పురుగుమందు తాగినా, పెద్ద వైద్యం కోసం కోవిల్‌పట్టి వైపు నుంచి తిరునెల్వేలికి, విరుదునగరం వైపు నుంచి మదురైకి చేరవలసి వచ్చేది. ఒక్కొక్కటి 50 కిలోమీటర్లకు పైమాటే లేక దానికి దగ్గర. రెండు చోట్లా వైద్య కళాశాల ఆస్పత్రులున్నాయి. మదురైది 1954లో, తిరునెల్వేలిది 1965లో ప్రారంభమైన కళాశాలలకు అనుబంధం. 108 అంబులెన్సు సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలై, తమిళనాడుకు 2008లో వచ్చింది. అంతకు ముందటి దశాబ్దాలలో అర్ధరాత్రి తలుపు తడితే లేచివచ్చే అద్దెకారు డ్రైవరే ఆ సేవ. వెనుకసీటు మనిషి పడుకొనేంత వెడల్పు ఉండటం ఎందరికో ప్రాణావసరమైంది.

మద్రాసు హెరాల్డ్

తమిళనాడుకు సొంత లైసెన్సు కారు లేకపోలేదు. 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ మద్రాసు శివారులోని వండలూరు వద్ద కర్మాగారం నడిపింది. ఇటలీకి చెందిన మికెలోట్టి రూపకల్పన చేసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో విడుదలైతే, 1961లో ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డ్‌గా వచ్చింది. 948 సీసీ ఇంజన్, ముందుభాగమంతా ఒక్కసారిగా పైకి తెరుచుకొనే బానెట్, చిన్న సందులో కూడా తిరగగల చురుకుదనం దీని ప్రత్యేకతలు. బ్రిటన్‌లో రెండు తలుపులే ఉండగా, భారతీయ కుటుంబాల కోసం ఇక్కడ నాలుగు తలుపుల రకం రూపొందించారు. లైసెన్సు నమూనాను సొంతంగా మార్చిన అరుదైన ప్రయత్నాలలో అదొకటి.

డాక్టర్లు, వకీళ్లు దీనిని ఇష్టపడ్డారు. పల్లెదారులకు మాత్రం దాని వెనుక ఇరుసు అమరిక సున్నితం. బరువు ఎక్కువైతే చక్రాలు పక్కకు వాలేవి. 1970లలో వచ్చిన గజెల్ రకంలో గట్టి ఇరుసు పెట్టారు కానీ, 1977 ప్రాంతంలో కార్ల ఉత్పత్తి ఆగింది. 1985లో రోవర్ నమూనాతో స్టాండర్డ్ 2000 పేరుతో ఖరీదైన కారు తెచ్చి, అందులో పాతకాలపు ఇంజన్ పెట్టారు. కొన్నవారు తక్కువ. 1988లో కర్మాగారం మూతపడింది. తరువాతి కాలంలో కార్ల కర్మాగారాలకు పేరుపొందిన చెన్నై, తన మొదటి కారును ఆ విధంగా పోగొట్టుకొంది.

క్షీణత

1983 డిసెంబరు 14న మారుతి 800 తొలి బండి తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. 796 సీసీ ఇంజన్, దాదాపు 50,000 రూపాయల ధర. అది కూడా విదేశీ నమూనాయే. జపాన్‌కు చెందిన సుజుకీది. తేడా ఎక్కడంటే, సుజుకీ భాగస్వామిగా వచ్చింది, తయారీ క్రమశిక్షణను వెంట తెచ్చింది, పాత నమూనాను కాలక్రమేణా మార్చింది. సొంత కారు కొనుక్కొన్న పట్టణ ఉద్యోగి, వ్యాపారి మారుతి వైపు మళ్లారు.

అంబాసిడర్ వెంటనే పడిపోలేదు. విచిత్రంగా 1980ల మధ్యలోనే దాని అమ్మకాలు శిఖరానికి చేరాయి: ఏడాదికి 24,000. ప్రభుత్వ కార్యాలయాలు, అద్దెకార్ల యజమానులు దానిని విడవలేదు. కలెక్టరు నుంచి మంత్రి వరకు తెల్ల అంబాసిడరే అధికార చిహ్నం. ఆ ఊపిరితో లభించిన సమయాన్ని సంస్థ ఎలా వాడుకొందన్నదే అసలు ప్రశ్న. 1984లో బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ నమూనాతో కాంటెస్సా తెచ్చింది. 1990లలో అంబాసిడర్‌కు జపాన్ ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ అమర్చింది. 1998లో తమిళనాడులోని తిరువళ్లూరు వద్ద మిత్సుబిషి లాన్సర్ తయారీ మొదలుపెట్టింది. ఒక లైసెన్సు పాతబడితే మరొక లైసెన్సు వెతుక్కోవడమే తప్ప, నాలుగు దశాబ్దాల అనుభవంతో సొంత కారు ఒకటి రూపొందించలేదు. ఇసుజు ఇంజన్ పెట్టిన అంబాసిడర్ నిజంగా మంచి బండి. అది పదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

1991లో నూతన పారిశ్రామిక విధానం, 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగింపు. రక్షణ గోడ కూలింది. 1994లో టాటా సుమో, 1998 చివర టాటా ఇండికా, 2000లో టొయోటా క్వాలిస్ వచ్చాయి. ఈ మూడూ అద్దెకార్ల స్టాండులలోకే నేరుగా ప్రవేశించాయి. సుమోలో పెండ్లివారు పదిమంది దాకా ఎక్కుతారు. డీజిల్ ఇండికా తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం తిరుగుతుంది. పైగా 2000ల దశకంలో మదురై, కన్యాకుమారి మధ్య రహదారి నాలుగు వరుసలుగా విస్తరించింది. గతుకులను తట్టుకోవడమే గొప్పగా బతికిన బండికి ఆ చదునైన దారిపై పెద్ద గుణం లేకుండా పోయింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దాటిపోయే కార్ల మధ్య అది ఎడమపక్కకు ఒదిగి నడిచింది.

2001లో పార్లమెంటుపై దాడి జరిగిన తరువాత ప్రధానమంత్రి వాహనశ్రేణిలో అంబాసిడర్ స్థానాన్ని బీఎండబ్ల్యూ ఆక్రమించింది. రాష్ట్రాలూ క్రమంగా అదే బాట పట్టాయి. 2000ల మధ్యకు అమ్మకాలు ఏటా 6,000 లోపుకు దిగాయి. 2010 ఏప్రిల్ నుంచి చెన్నై, హైదరాబాదు సహా 13 నగరాలలో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధన అమలుకు రావడంతో పాత డీజిల్ అంబాసిడర్‌కు పెద్ద నగరాల తలుపులు మూసుకొన్నాయి. ఆ నిబంధనకు సరిపడే ఎన్‌కోర్ రకం 2013లో గానీ రాలేదు. అదే సంవత్సరం బ్రిటన్ టెలివిజన్ కార్యక్రమం ‘టాప్ గేర్’ పోటీలో అంబాసిడర్ ప్రపంచంలోని ఉత్తమ టాక్సీగా నిలిచింది. ఆ గౌరవం అందుకొన్న ఆర్థిక సంవత్సరంలో అమ్ముడైనవి 2,200 చిల్లర.

2014 మే 24న ఉత్తరపారా కర్మాగారంలో పని నిలిపివేసినట్లు సంస్థ ప్రకటించింది. ఉత్పాదకత తక్కువ, గిరాకీ లేదు, అప్పులు పెరిగాయి, నిధులు లేవు అన్నవి చెప్పిన కారణాలు. రెండున్నర వేల మంది దాకా కార్మికుల బతుకు ఒక్కరోజులో అయోమయంలో పడింది. 2017 ఫిబ్రవరిలో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మారు. అచ్చులు కాదు, కర్మాగారం కాదు, పేరు ఒక్కటే. బొంబాయి ప్రీమియర్ పద్మిని అప్పటికే చరిత్రలో కలిసింది. దాని ఉత్పత్తి 2000 ప్రాంతంలో ఆగగా, ముంబయి వీధులలో టాక్సీగా చివరి బండి గడువు 2023 అక్టోబరులో ముగిసింది.

మిగిలిన బండ్లు

వర్క్‌షాపుల మేస్త్రీలలో వయసు మళ్లినవారు అంబాసిడర్‌తోనే ఆగిపోయారు. కొత్తకార్లకు కంప్యూటర్ తగిలించి తప్పు వెతకాలి, భాగం విప్పి బాగుచేయడం కన్నా మార్చడమే ఎక్కువ. వారి కొడుకులు కొందరు అధీకృత సర్వీసు కేంద్రాలలో జీతానికి చేరారు. పాతబండికి కావలసిన భాగాలు, తుక్కుగా విప్పిన ఇతర అంబాసిడర్ల నుంచే ఎక్కువగా వస్తాయి.

పశువుల కొట్టాలలో, తాత పేరుమీద పడివున్న బండి గల కుటుంబాలు కొన్ని విషయాలు తెలిసికొని ఉండాలి. సొంత వాడకపు కారుకు నమోదు 15 ఏళ్లే చెల్లుతుంది. ఆపై బండిని తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల స్థానంలో 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. యజమాని మరణించి ఉంటే ముందుగా వారసుల పేరుకు మార్పించుకోవాలి. విరుదునగరం జిల్లా బండికి టీఎన్ 67, తూత్తుకుడి జిల్లాకు టీఎన్ 69 గుర్తులు. కోవిల్‌పట్టికి తరువాత విడిగా టీఎన్ 96 వచ్చింది.

50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఇంజన్ మార్చి మాటడార్ ఇంజన్ పెట్టిన బండికి ఇది చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ నడపడానికే ఈ నమోదు; రోజువారీ ప్రయాణానికి, అద్దెకు పనికిరాదు. పూలదండలు కట్టి పెండ్లికొడుకును ఊరేగించేందుకు పాత తెల్ల అంబాసిడర్ కావాలనే కోరిక మళ్లీ పెరుగుతున్నది. డబ్బు తీసుకొని అలా తిప్పదలచినవారు వింటేజ్ నమోదు జోలికి పోక, బండిని పసుపు పలకపై రవాణా వాహనంగానే ఉంచుకోవలసి ఉంటుంది.